రక్తం పోతున్నప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది? మనం ఏం చేయాలి?

మేము పదో తరగతి వరకు ఈ హాస్టల్లోనే ఉన్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మా తరంతోనే మొదలు. ప్రస్తుతం పీజీలో జీవరసాయన శాస్త్రం చదువుతున్నాం. సంచికకు ఏదైనా పనికొచ్చే పాఠం రాయమని అడిగారు. మా ఇంట్లో ఎవరికీ తెలియక ఒక మనిషిని పోగొట్టుకున్న పాఠం ఒకటి ఉంది. అదే రాస్తున్నాం.

మా మేనమామ కొబ్బరి దింపు కార్మికుడు. మేము ఇంటర్ చదివే రోజుల్లో ఒక ఉదయం చెట్టు మీద నుంచి జారి పడ్డాడు. గీరుకుపోయిన గాట్లు తప్ప ఒంటి మీద రక్తం కనబడలేదు. తనంతట తనే లేచి కూర్చుని "ఏం కాలేదురా, డొక్క పట్టేసిందంతే" అన్నాడు. ఇంటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాం. దాహం అన్నాడు, మంచినీళ్ళు ఇచ్చాం, తర్వాత టీ ఇచ్చాం. ముఖం పాలిపోయింది, నుదుట చల్లటి చెమట పట్టింది. భయపడ్డాడు, అందుకే అనుకున్నాం. అటూ ఇటూ దొర్లుతూ విసుక్కున్నాడు. నొప్పికి అనుకున్నాం. తర్వాత మాట తగ్గి మత్తుగా పడుకున్నాడు. నిద్ర పట్టింది, ఇంక తగ్గిపోతుంది అనుకున్నాం. పడిన మూడు గంటలకు అమ్మ లేపబోతే లేవలేదు. ఆటోలో బయలుదేరాం గానీ దారిలోనే పోయాడు. కడుపులో ప్లీహం చిట్లి, రక్తమంతా లోపలే పోయిందని తర్వాత చెప్పారు.

దాహం, పాలిపోవడం, చల్లటి చెమట, విసుగు, మత్తు. ఈ ఐదూ ఏమిటో పీజీ మొదటి సంవత్సరంలో పాఠం విన్న రోజున మాకు అర్థమైంది. వాటిని ఒక్కొక్కటిగా మీకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ఒంట్లో రక్తం ఎంత?

పెద్దవాళ్ళలో కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 60 కిలోల మనిషికి నాలుగు లీటర్ల పైచిలుకు. 45 కిలోల స్త్రీకి సుమారు మూడు లీటర్లు. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. అంటే ఉన్న రక్తమంతా నిమిషం లోపే ఒంటిని ఒకసారి చుట్టి వస్తుంది. అందుకే పెద్ద రక్తనాళం తెగితే ప్రమాదం గంటల్లో కాదు, నిమిషాల్లో ముంచుకొస్తుంది.

రక్తం చేసే పనుల్లో ముఖ్యమైనది ప్రాణవాయువును మోయడం. ఎర్ర రక్తకణాల్లో ఉండే హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ ఎక్కించుకుని కణాల దగ్గర దించుతుంది. కండరం, చర్మం కొంతసేపు ఆక్సిజన్ లేకుండా ఓర్చుకుంటాయి. మెదడు కొద్ది నిమిషాలు కూడా ఓర్చుకోలేదు. శరీరం ఆడే ఆటంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

శరీరం నష్టాన్ని దాచిపెడుతుంది

కరువు వచ్చినప్పుడు ఇంటి పెద్ద ఏం చేస్తాడు? ముందు తన పూట మానేసి పిల్లలకు పెడతాడు. శరీరమూ అంతే. రక్తం తగ్గగానే మెడలోనూ గుండె దగ్గరా ఉండే పీడన గ్రాహకాలు మెదడుకు కబురు పంపుతాయి. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. చర్మం, పేగులు, మూత్రపిండాలకు వెళ్ళే రక్తనాళాలు ముడుచుకుంటాయి. అక్కడ మిగిల్చిన రక్తాన్ని శరీరం మెదడుకూ గుండెకూ మళ్ళిస్తుంది. వైద్యులు ఈ నష్టాన్ని నాలుగు దశలుగా విభజిస్తారు.

మొదటి దశ: 15 శాతం లోపు. పెద్ద మార్పేమీ కనబడదు. రక్తదానంలో ఇచ్చే 350 మిల్లీలీటర్లు ఈ దశలోపే ఉంటాయి. పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో, ఎర్ర కణాలు కొన్ని వారాల్లో తిరిగి వస్తాయి.

రెండో దశ: 15 నుంచి 30 శాతం. నాడి నిమిషానికి 100 దాటుతుంది. ఊపిరి వేగం పెరుగుతుంది. చర్మానికి రక్తం తగ్గింది కాబట్టి ముఖం పాలిపోతుంది. అడ్రినలిన్ వల్ల చల్లటి చెమట పడుతుంది, కంగారుగా ఉంటుంది. నీరు తగ్గిందని మెదడు గుర్తించడం వల్ల దాహం వేస్తుంది. బీపీ మాత్రం చూస్తే మామూలుగానే ఉండవచ్చు. మోసపోయేది ఇక్కడే.

మూడో దశ: 30 నుంచి 40 శాతం. నాడి 120 దాటుతుంది. ఇక సర్దుకోలేక బీపీ పడిపోతుంది. మూత్రం బాగా తగ్గుతుంది. మెదడుకు అందేది తగ్గి మనిషి తికమకగా మాట్లాడతాడు, విసుక్కుంటాడు.

నాలుగో దశ: 40 శాతం దాటితే. నాడి 140 దాటుతుంది, కొందరిలో చేతికే అందదు. మత్తు కమ్ముతుంది. వెంటనే వైద్యం అందకపోతే ప్రాణం దక్కదు.

ఈ అంకెలు అందరికీ గీత గీసినట్టు సరిపోవు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. వయసులో ఉన్నవాళ్ళ రక్తనాళాలు బాగా ముడుచుకోగలవు. అందువల్ల చాలాసేపు బాగున్నట్టే కనబడి ఒక్కసారిగా కూలిపోతారు. మా మావయ్య వయసు 34. రోజూ చెట్లెక్కే గట్టి ఒళ్ళు. ఆ గట్టిదనమే మమ్మల్ని మోసం చేసింది.

షాక్ అంటే ఏమిటి?

మనం షాక్ అంటే కరెంటు షాక్ అనుకుంటాం, లేదా చెడ్డ కబురు విన్నప్పటి స్థితి అనుకుంటాం. వైద్యంలో షాక్ అంటే కణాలకు చాలినంత రక్తం, ఆక్సిజన్ అందని స్థితి. ఆక్సిజన్ లేనప్పుడు కణం గ్లూకోజ్‌ను సగంలోనే విరగ్గొట్టి శక్తి తెచ్చుకుంటుంది. అందులో లాక్టిక్ ఆమ్లం మిగులుతుంది. రక్తంలో ఆమ్లత్వం పెరుగుతుంది. కండరాలు వేడి పుట్టించలేక ఒళ్ళు చల్లబడుతుంది. రక్తం గడ్డకట్టడం ఎంజైముల పని. చల్లబడిన, ఆమ్లం పెరిగిన రక్తంలో ఆ ఎంజైములు సరిగా పనిచేయవు. దాంతో రక్తం గడ్డకట్టదు, ఇంకా పోతుంది, ఇంకా చల్లబడుతుంది. ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. అందుకే గాయపడినవాళ్ళకు దుప్పటి కప్పడం కూడా వైద్యమే. మా మావయ్యకు చెమట పట్టిందని మేము ఫ్యాను పెట్టాం, తడిగుడ్డతో తుడిచాం.

కంటికి కనబడని రక్తస్రావం

కడుపులో ప్లీహం, కాలేయం చిట్లితే బయటికి చుక్క రాదు. తొడ ఎముక విరిగితే లోపల కండల్లోనే లీటరు, లీటరున్నర పోవచ్చు. తుంటి ఎముకలు విరిగితే ఇంకా ఎక్కువ. చెట్టు మీద నుంచి పడినా, మోటారు సైకిల్ హ్యాండిల్ కడుపులో గుచ్చుకున్నా, "రక్తం రాలేదు కదా" అనే మాట పనికిరాదు.

రెండోది కాన్పు. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం వెళుతుంది. మాయ ఊడిపడ్డాక గర్భసంచి గట్టిగా ముడుచుకుంటేనే ఆ నాళాలు మూసుకుంటాయి. ముడుచుకోకపోతే కొద్ది నిమిషాల్లోనే తల్లి ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రిలో కాన్పు అవ్వాలని ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు పట్టుబట్టేది ఇందుకే. అక్కడ బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ సూది వేస్తారు. నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిపి 2023లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. పోయిన రక్తాన్ని కంటి అంచనాతో వదిలేయకుండా కొలత గీతలున్న సంచిలో పట్టి చూసి, హద్దు దాటగానే చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. కొత్త మందేమీ లేదు. ముందుగా గుర్తించారు, అంతే.

మూడోది పాము. వరి గట్ల మీద ఉండే రక్తపింజరి విషం గడ్డకట్టించే పదార్థాలను ఖర్చు చేసేస్తుంది. చిగుళ్ళ నుంచి, మూత్రంలో రక్తం రావచ్చు. దీనికి మందు యాంటీవీనమే. పాము కాటుకు బిగించి కట్టు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి.

మొదటి వైద్యం మన చేతుల్లోనే

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక రాత్రి మా గదిలో మిత్రుడి చేయి కిటికీ అద్దం పగిలి తెగింది. రక్తం చిమ్మింది. ఒకడు వంటగదిలోకి కాఫీ పొడి కోసం పరుగెత్తాడు. మేము గుడ్డ వేసి, ఆగిందేమోనని నిమిషానికోసారి తీసి చూశాం. తీసినప్పుడల్లా మళ్ళీ చిమ్మింది. అప్పుడు కామాటి బాబాయి వచ్చి, తన తువ్వాలు మడతపెట్టి గాయం మీద వేసి రెండు అరచేతులతో నొక్కి పట్టాడు. "ఎవడూ తియ్యకండి" అన్నాడు. వార్డెన్ గారు ఆటో పిలిచారు. ఆసుపత్రిలో డాక్టరు గారు చెప్పేవరకు బాబాయి చేతులు తీయలేదు. ఆయన చదివింది అయిదో తరగతి. వైద్య పుస్తకాలు చెప్పే మొదటి చికిత్స సరిగ్గా అదే. మా మిత్రుడు ఇప్పుడు డిప్లొమా చేసి ఉద్యోగంలో ఉన్నాడు.

గుర్తుంచుకోవలసినవి:

1. శుభ్రమైన గుడ్డ మడతపెట్టి సరిగ్గా రక్తం వచ్చే చోట గట్టిగా, ఆపకుండా నొక్కండి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకొకటి వేసి నొక్కండి. తీసి చూడకండి.

2. వెంటనే ఇంకొకరి చేత 108కి ఫోన్ చేయించండి. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న ఈ సేవ మొదలైంది.

3. కాఫీ పొడి, పసుపు, సున్నం, మట్టి వేయకండి. రక్తం ఆగదు, గాయం చెడుతుంది.

4. కత్తి గానీ ఇనుప మొన గానీ గుచ్చుకుని ఉంటే పీకకండి. కదలకుండా దాని చుట్టూ నొక్కండి.

5. చేతికో కాలికో తగిలిన గాయం నొక్కినా ఆగక ప్రాణం మీదికి వస్తుంటే మాత్రమే కట్టు బిగించాలి. మూడు వేళ్ళ వెడల్పు గుడ్డను గాయానికి కొంచెం పైన, కీలు మీద పడకుండా కట్టి, కర్ర పెట్టి రక్తం ఆగేదాకా మెలితిప్పాలి. కట్టిన సమయం రాసి పెట్టాలి. ఆసుపత్రి దాకా విప్పకూడదు. సన్నటి తాడు, తీగ వాడకూడదు.

6. వెల్లకిలా పడుకోబెట్టి దుప్పటి కప్పండి. పైనుంచి పడినవాళ్ళను కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తకండి. వెన్ను వంగకుండా నలుగురు కలిసి బల్ల మీదికి చేర్చండి.

7. నీళ్ళు, టీ, సోడా ఇవ్వకండి. మత్తులో అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఆపరేషన్‌కూ అడ్డు. పెదాలు తడపండి చాలు.

8. వేలి గోరు నొక్కి వదలండి. రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రాకపోతే, నాడి 100 దాటితే, చల్లటి చెమట పడితే, "బాగానే ఉన్నాను" అన్నా వినకండి. బయలుదేరండి.

రోడ్డు ప్రమాదంలో సాయం చేస్తే కేసుల్లో ఇరుక్కుంటామని మనవాళ్ళు వెనకాడతారు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ సాయం చేసినవాళ్ళకు రక్షణ ఇచ్చింది. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనవసరం లేదు.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

రెండు చేతులకూ లావు సూదులు పెడతారు. రక్తం గ్రూపు కట్టడానికి నమూనా తీస్తారు. సెలైన్ ఎక్కిస్తారు గానీ దానికి హద్దు ఉంది. సెలైన్ నాళాలను నింపుతుంది తప్ప ఆక్సిజన్ మోయదు. ఎక్కువైతే ఉన్న రక్తాన్ని పలచన చేసి గడ్డకట్టనివ్వదు. పోయింది రక్తమైతే ఎక్కించవలసిందీ రక్తమే. ఎర్ర కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు తగిన పాళ్ళలో ఎక్కిస్తారు. గ్రూపు తేలేలోపు ప్రాణం పోయేలా ఉంటే ఓ నెగెటివ్ కణాలు ఇస్తారు.

ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మందు కూడా ఉంది. జపాన్‌కు చెందిన ఒకమోటో దంపతులు 1962లో దీన్ని ప్రకటించారు. కట్టిన గడ్డ కరిగిపోకుండా కాపాడుతుంది. గాయపడినవాళ్ళ మీద 2010లోనూ, బాలింతల మీద 2017లోనూ వెలువడిన పెద్ద పరిశోధనలు, ఒక్కొక్కదానిలో 20 వేల మందికి పైగా పాల్గొన్నవి, ఇది మరణాలను తగ్గిస్తుందని చూపాయి. అయితే మూడు గంటల్లోపు ఇవ్వాలి. మేము ఇంట్లో కూర్చున్నదీ మూడు గంటలే. చివరికి ఏ మందిచ్చినా, కారే చోటును ఆపరేషన్ చేసి మూయడమే అసలు వైద్యం.

ఆ రక్తం ఎవరిది?

రక్తాన్ని ఏ కర్మాగారమూ తయారుచేయలేదు. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తం గ్రూపులను ప్రకటించాక రక్త మార్పిడి ప్రమాదం తగ్గింది. ఆయన పుట్టిన జూన్ 14నే ప్రపంచ రక్తదాతల దినంగా జరుపుతున్నారు. మన దేశంలో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ప్రకారం 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం అమ్మడం నిషేధం. కాబట్టి సీసాలో ఉన్నది ఎవరో ఊరికే ఇచ్చిన రక్తం.

మన హాస్టల్ పిల్లలు తెలుసుకోవలసిన పేరు ఇంకొకటి ఉంది. చార్లెస్ డ్రూ అనే నల్లజాతి డాక్టరు రక్తాన్ని నిల్వచేసే విధానం మీద 1940లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందాడు. మన అంబేద్కర్ గారు చదివిన విశ్వవిద్యాలయమే అది. యుద్ధంలో ఉన్న బ్రిటన్‌కు ప్లాస్మా పంపే పనిని నడిపాడు. 1941లో అమెరికా రెడ్‌క్రాస్ రక్తనిధికి మొదటి డైరెక్టరయ్యాడు. అదే రెడ్‌క్రాస్ ముందు నల్లవాళ్ళ రక్తం వద్దంది, 1942లో తీసుకున్నా తెల్లవాళ్ళ రక్తంతో కలపకుండా వేరుగా ఉంచింది. దీనికి శాస్త్రంలో ఆధారమే లేదని డ్రూ చెప్పాడు. ఆ పద్ధతి 1950లో గానీ పోలేదు. మన రక్తనిధిలో సంచి మీద గ్రూపు, నంబరు, తీసిన తేదీ, గడువు తేదీ ఉంటాయి. ఇచ్చినవాడి పేట ఏదో ఉండదు. ఎక్కించుకునేవాళ్ళు అడగరు.

పద్దెనిమిది నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హీమోగ్లోబిన్ ఉంటే రక్తం ఇవ్వవచ్చు. మగవాళ్ళు మూడు నెలలకు, ఆడవాళ్ళు నాలుగు నెలలకు ఒకసారి. ఎర్ర కణాలు చల్లటి పెట్టెలో 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే నిలుస్తాయి. అందుకే ఏడాదికొక శిబిరం చాలదు.

కోనసీమలో మనకు ప్రత్యేకంగా

మనది గోదావరి పాయల మధ్య నేల. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. ఇంకా పెద్ద వైద్యానికి కాకినాడ గానీ రాజమండ్రి గానీ పోవాలంటే అమలాపురం నుంచి సుమారు 60 కిలోమీటర్లు. ఎదుర్లంక వారధి వచ్చాక కాకినాడ దగ్గరైన మాట నిజమే. కానీ పి.గన్నవరం వైపు లంకల సంగతి వేరు. వరద వస్తే కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది. 2022 జూలై వరదల్లో లంక గ్రామాలవాళ్ళకు పడవే దిక్కయింది. దూరం మన చేతిలో లేదు. బయలుదేరే సమయం మన చేతిలో ఉంది. వరద రోజుల్లో నెలలు నిండిన ఆడపడుచులను నొప్పులు వచ్చేదాకా ఆగకుండా ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలి.

ఇంకొకటి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సగం మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని తేలింది. హీమోగ్లోబిన్ 12 ఉండవలసిన చోట 6 ఉంటే, ఒంట్లో రక్తం అంతే ఉన్నా అది మోసే ఆక్సిజన్ సగమే. వేరొకరు తట్టుకునే నష్టాన్ని వాళ్ళు తట్టుకోలేరు. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన అమెరికా ప్రయోగశాలకు నాయకత్వం వహించినవారు మన గోదావరి వాడే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మాత్రను మేము కిటికీలోంచి విసిరేసేవాళ్ళం. మీరు మింగండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చెల్లి మింగుతున్నదో లేదో అడగండి.

తమ్ముళ్ళూ, మన ఇళ్ళలో మందు సీసా మీద రాసింది చదివేది మనమే. పెద్దవాళ్ళు "కాస్త పడుకోనివ్వండి" అన్నప్పుడు, "లేదు, నాడి చూడాలి" అని చెప్పవలసిందీ మనమే. మావయ్య పడిన రోజు ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివినది మేమే. మాకు తెలియలేదు. ఈ పేజీ చదివాక మీకు తెలుసు. ఈ రాత్రే పక్క మంచం మీద ఉన్న స్నేహితుడి మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్ళు పెట్టి, గడియారం చూస్తూ ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. మామూలుగా ఎంత ఉంటుందో వేళ్ళకు అలవాటైతే, తేడా వచ్చిన రోజున వేళ్ళే చెబుతాయి.